రిలీజ్ పడిపోతుందని ముందే తెలిసినా ఎవరూ చెప్పడం లేదు: చిన్న స్టార్టప్‌లో ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

మధురవాడ_ఆపరేషన్స్:

మధురవాడలో 26 మందితో నడుస్తున్న సాఫ్ట్‌వేర్ స్టార్టప్. లారీ ట్రాన్స్‌పోర్టు వాళ్లకి బిల్లింగ్, ట్రాకింగ్ చేసిపెట్టే ప్రొడక్టు. ఫౌండర్లు ఇద్దరు. ఒకరు టెక్ చూస్తారు, ఇంకొకరు సేల్స్. టీమ్‌లో సగానికి పైగా రెండేళ్లలోపు అనుభవం ఉన్న పిల్లలు, ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లు. హెచ్ఆర్, అడ్మిన్, ఆఫీసు అద్దె అన్నీ నా నెత్తి మీదే.

రిలీజ్ (ప్రొడక్టు కొత్త వెర్షన్‌ని కస్టమర్లకి వదలడం) బోల్తా పడ్డాక కూర్చుని తవ్వితే, ఆ లోపం ఇద్దరు ముగ్గురికి ముందే తెలుసని బయటపడుతోంది. రోజూ నిలబడి పెట్టుకునే స్టాండప్ మీటింగులో "ఏమైనా ప్రాబ్లమ్సా?" అంటే "ఏం లేవు సార్" అంటారు. పేరు లేకుండా గూగుల్ ఫామ్ పెడితే అందరూ "ఆల్ గుడ్" అని కొట్టారు. ఫౌండర్లు చెడ్డవాళ్లేం కాదు. కోపం వస్తే అరుస్తారు, పది నిమిషాల్లో మర్చిపోతారు. మా క్యాబిన్ తలుపు ఎప్పుడూ తీసే ఉంటుందంటారు, ఆ తలుపు దాకా ఎవరూ రారు.

నోరు విప్పడానికి ఎంత భయపడుతున్నారో కొలవడం ఎలా? మీటింగుల్లో ఏం మార్చాలి? చెప్పినవాళ్లకి తర్వాత ఏ ఇబ్బందీ రాదని ఎలా నమ్మించాలి? వర్క్‌షాపులు, మోటివేషన్ స్పీచ్‌లు మాత్రం వద్దు, అవి అయిపోయాయి. అవసరమైతే ఇంకొన్ని వివరాలు: ప్రొబేషన్ ఆరు నెలలు, నోటీసు 90 రోజులు, చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని మా దగ్గర ఉంచుకుంటాం.

ఎర్రమట్టిదిబ్బలు:

చివర్లో మీరు యథాలాపంగా రాసేసిన లైనులోనే సగం జవాబు ఉందండీ. సర్టిఫికెట్లు మీ బీరువాలో, 90 రోజుల నోటీసు, ఆరు నెలల ప్రొబేషన్. ఇన్ని తాళాలేసి "ధైర్యంగా మాట్లాడండి" అంటే ఎవరు మాట్లాడతారు? నోరు విప్పే ముందు ప్రతి మనిషీ ఒక లెక్క వేసుకుంటాడు. చెబితే వచ్చే లాభం కంపెనీది, అదీ ఎప్పుడో. నష్టమంటూ ఉంటే తనది, అదీ ఇప్పుడే. పైగా ఇది విశాఖ. బెంగళూరులోలాగా ఇక్కడ పడకపోతే వీధి అవతల ఇంకో ఉద్యోగం దొరకదు. ఋషికొండ ఐటీ హిల్స్ మీద ఒక ఆఫీసులో జరిగింది సాయంత్రానికల్లా పక్క ఆఫీసుకి తెలుస్తుంది. రిఫరెన్స్ కోసం ఫోన్ చేసేదీ ఆ నలుగురికే. కాబట్టి మౌనం పిరికితనం కాదు, లెక్క. మీరు మార్చాల్సింది మనుషుల్ని కాదు, ఆ లెక్కని.

ముందు సర్టిఫికెట్లు ఈ వారమే ఇచ్చేయండి. ఇకపై చేరిన రోజునే ఒరిజినల్ చూసి, జిరాక్స్ మీద "సరిచూశాను" అని సంతకం చేసి, అక్కడికక్కడే వెనక్కి ఇవ్వండి. నోటీసు ప్రొబేషన్‌లో 15 రోజులు, ఆ తర్వాత జూనియర్లకి 30, లీడ్‌లకి 60 చాలు. రిలీవింగ్ లెటర్ చివరి రోజు తర్వాత ఎన్ని రోజుల్లో ఇస్తారో ఆఫర్ లెటర్లోనే రాయండి. ఆ కాగితం ఆపేస్తారేమో అన్న భయం రాజీనామా రోజున పుట్టదు, చేరిన మొదటి నెల నుంచే ఉంటుంది.

ఇంకోటి ఎవరూ పట్టించుకోరు. మీ అప్రైజల్ ఫారంలో "యాటిట్యూడ్" అనే గడి ఉందా? ఉంటే కొట్టేయండి. మీటింగులో కాదన్నవాడి మార్కులు తెగేది అక్కడే. ఎవరూ కక్షతో చేయరు, "కొంచెం నెగెటివ్ అబ్బాయి" అనే మాట మనసులో ఉండిపోయి మార్చి నెలలో అంకెగా బయటికి వస్తుంది. దాని బదులు చూసి చెప్పగలిగే పని రాయండి: రివ్యూ కామెంట్లకి ఎన్ని గంటల్లో జవాబిచ్చాడు, ఆలస్యం అవుతుందని గడువుకి ముందే చెప్పాడా అని. ప్రొబేషన్ కన్‌ఫర్మేషన్‌కి కూడా నాలుగైదు షరతులు కాగితం మీద పెట్టి, రెండో నెలలో, నాలుగో నెలలో కూర్చోబెట్టి ఎక్కడున్నాడో చెప్పండి.

"అరుస్తారు, పది నిమిషాల్లో మర్చిపోతారు" అన్నారు. మర్చిపోయేది అరిచినాయన. విన్నవాడు మర్చిపోడు, చుట్టూ చూసిన పదిమంది అసలే మర్చిపోరు. ఒకడు చెడ్డవార్త తెచ్చినప్పుడు ఫౌండర్ నోటి నుంచి వచ్చే మొదటి వాక్యం మీదే మిగతా పాతికమంది రేపటి నిర్ణయం ఆధారపడుతుంది. అందరికీ అలవాటైన వాక్యం "ముందే ఎందుకు చెప్పలేదు?" అది చెప్పినందుకు వేసే జరిమానా. ఆలస్యంగా చెప్పినవాడికి తిట్లు, అసలు చెప్పనివాడికి ఏమీ లేదు. దాని బదులు మూడు ప్రశ్నలు బట్టీ పట్టించండి: "దీనివల్ల ఎవరికి దెబ్బ? ఎంత టైముంది? నా నుంచి ఏం కావాలి?" ఎప్పుడు తెలిసిందన్నది రెండు రోజులాగి, మంట ఆరాక, విడిగా అడగొచ్చు.

యారాడ_లైట్‌హౌస్:

కొలత సంగతి నేను చెబుతాను. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో ఆమీ ఎడ్మండ్సన్ 1999లో ఒక తయారీ కంపెనీలోని 51 టీమ్‌ల మీద చేసిన అధ్యయనంలో, టీమ్‌లో భయం లేకుండా మాట్లాడగలమా అని కొలిచే ఏడు వాక్యాల ప్రశ్నావళి ఉంది. ఇప్పటికీ ఎక్కువమంది వాడేది అదే. మన మాటల్లో ఇలా రాసుకోవచ్చు: ఈ టీమ్‌లో తప్పు చేస్తే దాన్ని పట్టుకుని మన మీదకే తిప్పుతారు. కష్టమైన విషయాలు కూడా ఇక్కడ బయటపెట్టొచ్చు. వేరేగా ఉన్నారని ఇక్కడ కొందరిని దూరం పెడతారు. ఇక్కడ రిస్కు తీసుకున్నా ఫర్వాలేదు. ఇక్కడివాళ్లని సాయం అడగడం కష్టం. నా పనిని కావాలని చెడగొట్టేవాళ్లు ఇక్కడ లేరు. నాకున్న నేర్పుకి ఇక్కడ విలువుంది, దాన్ని వాడుకుంటారు.

ఒకటి, మూడు, ఐదు తిరగేసిన వాక్యాలు, అంటే వాటికి అవునంటే చెడ్డ సంకేతం. 1 నుంచి 5 స్కేలు పెడితే వాటి మార్కుని 6 లోంచి తీసేసి కలపాలి. ఇది మర్చిపోయి కూడినవాళ్లు చాలామంది.

మీ గూగుల్ ఫామ్ ఎందుకు ఫెయిలయిందంటే, "ఒక్కరికి ఒక్క జవాబే" సెట్టింగ్ పెట్టి ఉంటారు. దానికి లాగిన్ కావాలి. ఈమెయిల్ సేకరించకపోయినా స్క్రీన్ మీద తన అకౌంట్ కనబడుతుంది, అంతే, అందరికీ "ఆల్ గుడ్" అయిపోతుంది. జవాబుల షీటులో ప్రతి వరుసకీ టైమ్ పడుతుంది. ఆ టైముకి సీట్లో ఎవరున్నారో తెలిసిపోయే సైజు ఆఫీసు మీది. దానికి తోడు డిపార్ట్‌మెంటు, అనుభవం, ఆడా మగా అని అడిగితే పేరు రాయించుకున్నట్టే. 26 మందికి కాగితమే మేలు. ఒకే సైజు, ఒకే పెన్ను, టిక్కు మాత్రమే, రాత వద్దు, డబ్బాలో వేయడం. లెక్కపెట్టేది బయటి మనిషి, మీ ఆడిటర్ ఆఫీసులో ఎవరైనా సరే. ఐదుగురి కంటే తక్కువున్న టీమ్‌కి విడిగా ఫలితం ఇవ్వొద్దు. సపోర్టు వాళ్లు నలుగురే ఉంటే సేల్స్‌తో కలిపేయండి.

సగటు చూసి మోసపోవద్దు. తొమ్మిది మందిలో ఆరుగురు 5 ఇచ్చి ముగ్గురు 1 ఇస్తే సగటు 3.67 వస్తుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. ఆ టీమ్‌లో మూడోవంతు మంది భయపడుతున్నారని ఆ అంకె చెప్పదు. 1, 2 ఎన్ని పడ్డాయో లెక్కపెట్టండి. మూడు నెలలకోసారి, అవే వాక్యాలు, అదే క్రమం.

సర్వే కంటే నిజం చెప్పేవి రెండున్నాయి. తీవ్రమైన బగ్గుల్లో రాసినవాళ్లే వచ్చి చెప్పినవి ఎన్ని, కస్టమర్ ఫోన్ చేస్తే తెలిసినవి ఎన్ని. రెండోది, గంట మీటింగులో ఎంతమంది వేర్వేరు మనుషులు కనీసం ఒక పూర్తి వాక్యం మాట్లాడారు. పన్నెండు మంది కూర్చుంటే ముగ్గురే మాట్లాడుతున్నారంటే సర్వే అక్కర్లేదు.

స్క్రమ్_సీతమ్మధార:

స్టాండప్‌లో చెడ్డవార్త అడగడమే పొరపాటు. నిలబడి, పదిహేను నిమిషాల్లో, డజను మంది చూస్తుండగా, ఫౌండర్ ఎదుట ఎవరు చెబుతారు? "ఏమైనా ప్రాబ్లమ్సా?" అనేది లేదు అని జవాబు రావడానికే పుట్టిన ప్రశ్న. స్టాండప్‌ని పని పంపకానికి వదిలేయండి, ఫౌండర్ రాకపోయినా నష్టం లేదు. రిస్కులకి వేరే మీటింగు పెట్టండి.

మనస్తత్వవేత్త గ్యారీ క్లైన్ 2007లో రాసిన ప్రీమార్టమ్ పద్ధతి చిన్న టీమ్‌లకి బాగా కుదురుతుంది. మొత్తం అరగంట. "రిలీజ్ అయి వారమైంది, ఘోరంగా ఫెయిలయింది, ఎందుకో రాయండి" అనాలి. ఫెయిలవుతుందా అని అడగకూడదు, అయిపోయిందనే చెప్పాలి. అప్పుడు లోపం చెప్పడం నస పెట్టడం కాదు, అప్పగించిన పని. మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా కాగితం మీద రాస్తారు. తర్వాత ఒక్కొక్కరు ఒక్కో కారణం చదువుతారు. అందరికంటే కొత్తగా చేరినవాళ్లు ముందు, ఫౌండర్ చిట్టచివర. చదువుతుంటే ఎవరూ జవాబివ్వకూడదు, బోర్డు మీద రాసేవాడు రాస్తుంటాడు. అన్నీ అయ్యాక మనిషికి రెండు చుక్కలు, తనకి ముఖ్యమనిపించిన కారణాల పక్కన పెట్టడానికి. ఎక్కువ చుక్కలు పడ్డ మూడింటికి పేరు, తేదీ.

చెడేది ఎక్కడంటే, మొదటి పాయింటుకే టెక్ ఫౌండర్ "ఓ, అది చూసుకున్నాం" అంటాడు. ఆ ఒక్క మాటతో మిగతా కాగితాలు మడత పడతాయి. ఆయన చేతికే మార్కరిచ్చి బోర్డు దగ్గర నిలబెట్టండి, రాసేపనిలో ఉన్నవాడికి వాదించే తీరిక ఉండదు. రిలీజ్ ముందురోజు పెట్టడం ఇంకో తప్పు. అప్పుడు ఏం చెప్పినా మార్చలేరని అందరికీ తెలుసు, ఊరికే అడిగారనుకుంటారు. కనీసం ఐదు పనిదినాల ముందు పెట్టండి.

గో, నో-గో దగ్గర, అంటే వదలాలా ఆపాలా అని తేల్చేటప్పుడు, ఎంత నమ్మకముందో ఒకటి నుంచి ఐదు వేళ్లతో అందరూ ఒకేసారి ఎత్తి చూపాలి. ఒకరి తర్వాత ఒకరు ఎత్తితే మొదటివాడి అంకే అందరిదీ అవుతుంది. రెండు వేళ్లు ఎత్తినవాళ్లని "ఎందుకు రెండు?" అని అడగొద్దు, అది బోనెక్కించడం. "ఇది మూడు కావాలంటే ఏం జరగాలి?" అనండి.

భాష సంగతి కూడా చూడండి. మీటింగు ఇంగ్లీషులో నడుస్తుంటే తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు వాక్యం పేర్చుకునేలోపు టాపిక్ మారిపోతుంది. వాళ్లకి విషయం తెలియక కాదు. చర్చ తెలుగులో, నోట్సు ఇంగ్లీషులో పెట్టుకోవచ్చు. తెలుగు రానివాళ్లు ఉంటే ప్రశ్నలు ముందురోజే చాట్‌లో పెట్టి, రాతలో జవాబులు తీసుకోండి.

టీ కొట్టు దగ్గర అసలు మాటలన్నీ దొర్లుతాయని ఫౌండర్లు అక్కడికి వెళ్లి నిలబడడం కొన్నిచోట్ల చూస్తుంటాం. దయచేసి ఆ పని చేయించకండి. ఉన్న ఆ ఒక్క చోటూ పోతుంది.

గాజువాక_సేఫ్టీ:

ఐటీ వాళ్లు ఇది కొత్త విషయంలా మాట్లాడతారు గాని, మన ఊరి చుట్టూ ఉన్న స్టీలు, రిఫైనరీ, ఫార్మా ప్లాంట్లలో నియర్‌మిస్ రిపోర్టింగ్ పాత పద్ధతే. దెబ్బ తగలకుండా తృటిలో తప్పిపోయినదాన్ని కార్డు మీద రాసివ్వడం. కార్డులో నాలుగే లైన్లు: ఎక్కడ, ఏం జరిగింది, ఏం జరిగి ఉండేది, అప్పటికప్పుడు ఏం చేశారు. పేరు ఇష్టమైతేనే. స్టార్టప్‌లో ఇదే కార్డు చాట్‌లో ఒక ఛానెల్‌గా పెట్టుకోవచ్చు: ప్రొడక్షన్ డేటాబేస్ మీద తప్పు కమాండ్ కొట్టబోయి ఆగాను, టెస్ట్ మెసేజ్ కస్టమర్‌కి వెళ్లబోయింది, ఇలాంటివి.

ఈ పద్ధతి ఎలా పాడవుతుందో కూడా ప్లాంట్ల నుంచే నేర్చుకోవచ్చు. మనిషికి నెలకి ఇన్ని కార్డులని టార్గెట్ పెడితే నెలాఖరున "నేల తడిగా ఉంది" అని కట్టలు కట్టలు వస్తాయి. ఇన్ని రోజులుగా ప్రమాదం లేదని బోర్డు పెట్టి దానికి బోనస్ ముడిపెడితే, వేలు తెగినవాడు కూడా కట్టు కట్టుకుని జేబులో చెయ్యి పెట్టుకుంటాడు. కార్డు వేశాక ఏమైందో చెప్పకపోతే మూడోసారి ఎవరూ వేయరు. మూడింటిలో చివరిదే ఎక్కువ నష్టం. భయం లేకపోయినా "చెప్పి ఏం లాభం" అనే నీరసం చాలు, నోళ్లు మూతపడడానికి. ఇవి రెండు వేర్వేరు జబ్బులు, మందు కూడా వేరు. నీరసానికి మందు ఒక షీటు: విషయం, వచ్చిన తేదీ, ఎవరు చూస్తున్నారు, నిర్ణయం, కారణం. చెప్పిన 48 గంటల్లో మొదటి జవాబు. "చేయం" అనేది కూడా జవాబే, కారణం ఒక లైను రాస్తే. ఖాళీ గడి ఒక్కటే చెడ్డది.

మొదటి మూడు నెలల్లో రిపోర్టులు పెరుగుతాయి. ఫౌండర్లకి ముందే చెప్పి ఉంచండి. పైన చెప్పిన ఎడ్మండ్సన్ 1990ల్లో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద పనిచేసినప్పుడు, మంచి టీమ్‌లలోనే ఎక్కువ తప్పులు నమోదైనట్టు కనిపించింది. అక్కడ తప్పులు ఎక్కువ జరగడం కాదు, వాటి గురించి మాట్లాడుకోగలగడం కారణమని తేలింది.

పని ఆపే హక్కు గురించి ఒక మాట. టొయోటా ఫ్యాక్టరీలో లోపం కనబడితే కార్మికుడు లాగే ఆండాన్ తాడు ఉంటుంది, దాన్ని లాగితే లైను ఠక్కున ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ముందు టీమ్ లీడర్ పరిగెత్తుకొస్తాడు. నిర్ణీత స్థానానికి చేరేలోపు సమస్య తీరకపోతేనే లైను ఆగుతుంది. అంటే తాడు లాగడం ఖరీదైన పని కాదు, అందుకే లాగుతారు. మీరూ అలాగే పెట్టండి: డిప్లాయ్‌ని (కొత్త కోడ్‌ని లైవ్‌లోకి ఎక్కించడాన్ని) ఎవరైనా 30 నిమిషాలు ఆపొచ్చు, రుజువు అక్కర్లేదు, ఆ అరగంటలో లీడ్ వచ్చి చూడాలి. ఉత్త అలారం అని తేలినా ఆపినవాడి పేరు ఏ లెక్కలోనూ ఎక్కకూడదు.

రన్‌వే_తొమ్మిదినెలలు:

ఇవన్నీ వినడానికి బాగుంటాయి. చేతిలో డబ్బు తొమ్మిది నెలలకే ఉంటే, ప్రతి డిప్లాయ్‌కీ ఒకరు చెయ్యెత్తితే, ప్రతి నిర్ణయానికీ షీటు రాస్తూ కూర్చుంటే కంపెనీ నడిచేదెప్పుడు? ఎవరినీ ఏమీ అనకూడదంటే పని చేయనివాడిని ఏం చేయాలి?

ఎర్రమట్టిదిబ్బలు:

న్యాయమైన ప్రశ్నే. మాట చెప్పే హక్కు వేరు, నిర్ణయం ఆపే హక్కు వేరు. డిప్లాయ్ ఆపడం లాంటి ఒకటి రెండు చోట్ల తప్ప రెండోది ఎవరికీ ఇవ్వక్కర్లేదు. ప్రతి పెద్ద విషయానికీ నిర్ణయించేది ఎవరు, అభ్యంతరాలకి గడువు ఎప్పటిదాకా అని రాసేయండి: "ధర మార్పు, నిర్ణయం సేల్స్ ఫౌండర్‌ది, గురువారం నాలుగింటి వరకు." ఆ తర్వాత నచ్చనివాళ్లు కూడా అమలు చేయాలి. వెనక్కి తిప్పుకోగలిగే నిర్ణయాలకి ఇదీ అవసరం లేదు, చేసి చూడడమే.

పని చేయనివాడి సంగతి మామూలుగానే చూడండి. కోడ్ పగలడం వేరు, తోటివాళ్ల రివ్యూ తప్పించుకుని కోడ్‌ని దొంగచాటుగా ఎక్కించడం వేరు. మొదటిదానికి పోస్ట్‌మార్టంలో (ఏం తప్పిందో తవ్వి రాసే రిపోర్టులో) పేరు రాయొద్దు, "ఆన్‌కాల్ ఇంజనీర్" అని రాయండి, ఆ పొరపాటుని ఏ చెక్ ఆపాల్సింది, ఎందుకు ఆపలేదు అని తవ్వండి. "అజాగ్రత్త వల్ల" అని రిపోర్టు ముగిసిందంటే తవ్వడం ఆపేశారని అర్థం. రెండోదానికి చర్య తీసుకోవాల్సిందే, తీసుకోకపోతే సక్రమంగా పనిచేసేవాళ్లు నోరు మూసుకుంటారు. టైము గురించి: ప్రీమార్టమ్ అరగంట. అర్ధరాత్రి రోల్‌బ్యాక్ (పాత వెర్షన్‌కి వెనక్కి మార్చడం) ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు.

డాబాగార్డెన్స్_లేబర్‌లా:

ఒక హెచ్చరిక. ఈ ఛానెళ్లలోకి రాకూడని విషయాలున్నాయి. లైంగిక వేధింపుల ఫిర్యాదుని షీటులోనో, మీటింగులోనో, "ఫౌండర్‌తో మాట్లాడుకుందాం" అనో తేల్చకూడదు. 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకుమించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి, మీది 26. అధ్యక్షురాలు సీనియర్ మహిళా ఉద్యోగి, ఉద్యోగుల్లోంచి కనీసం ఇద్దరు సభ్యులు, స్వచ్ఛంద సంస్థ నుంచో ఈ విషయాలు తెలిసినవాళ్ల నుంచో బయటి సభ్యులు ఒకరు, మొత్తంలో కనీసం సగం మహిళలు. ఫిర్యాదుకి గడువు ఘటన నుంచి మూడు నెలలు, కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించొచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. కమిటీ వేయకపోతే 50,000 రూపాయల దాకా జరిమానా. పదిమంది కంటే తక్కువున్న కంపెనీ ఉద్యోగులు, లేదా యజమాని మీదే ఫిర్యాదు ఉన్నవాళ్లు, జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లాలి.

డబ్బు అక్రమాల సంగతి ఇంకా బలహీనం. కంపెనీల చట్టం 2013లోని 177వ సెక్షన్ కింద విజిల్ మెకానిజం (ఉద్యోగులు అక్రమాలు చెప్పుకునే ఏర్పాటు) తప్పనిసరి అయ్యేది లిస్టెడ్ కంపెనీలకి, ప్రజల డిపాజిట్లు తీసుకునేవాటికి, బ్యాంకులు, ప్రభుత్వ ఆర్థిక సంస్థల నుంచి 50 కోట్లు దాటి అప్పు తెచ్చినవాటికి. చాలా స్టార్టప్‌లు ఇందులోకి రావు. 2014 విజిల్ బ్లోయర్ల చట్టం ప్రభుత్వ సేవకుల మీద ఫిర్యాదులకి సంబంధించినది. కాబట్టి ప్రైవేటు స్టార్టప్ ఉద్యోగికి గొడుగు మీరు రాసే పాలసీ ఒక్కటే. ఒక పేజీ చాలు: ఫౌండర్ల మీద ఫిర్యాదుని వాళ్లకి లోబడని ఒక మనిషి, ఇన్వెస్టర్ ప్రతినిధో బయటి డైరెక్టరో, నేరుగా అందుకోవాలి, వారి ఈమెయిల్ అందులో ఉండాలి. ఫిర్యాదు చేసినవారి జీతం, రేటింగ్, ప్రాజెక్టు మార్చాలంటే ఏడాది పాటు ఆ మనిషి సంతకం కూడా కావాలని రాయండి.

మధురవాడ_ఆపరేషన్స్:

అందరికీ ధన్యవాదాలండీ. సర్టిఫికెట్లు ఇచ్చేయడానికి ఒప్పుకున్నారు, నోటీసు మీద ఇంకా బేరం నడుస్తోంది. కమిటీ కాగితం మీద ఉంది గాని బయటి సభ్యులు లేరు, అది ముందు సరిచేస్తాను. ఒక్క ప్రశ్న. అన్నీ ఒప్పుకున్నాక కూడా టెక్ ఫౌండర్ రాత్రి పదకొండింటికి వాట్సాప్ గ్రూపులో ఎవరినో పేరు పెట్టి కడిగేస్తే? అలవాటు ఒక్కరోజులో పోదు కదా.

ఎర్రమట్టిదిబ్బలు:

పోదు. కాబట్టి జారాక ఏం చేయాలో ఇప్పుడే రాసుకోండి. తిట్టిన చోటే, అదే గ్రూపులో, మర్నాడు పనివేళలు మొదలయ్యేలోపు ఆయనే రాయాలి: "రాత్రి నేను రాసిన పద్ధతి తప్పు. లోపం గురించి మధ్యాహ్నం మూడింటికి మాట్లాడదాం, పోస్ట్‌మార్టం అక్కడే." పక్కకి పిలిచి సారీ చెబితే ఆ ఒక్కడికే తెలుస్తుంది, చూసిన పాతికమందికి తిట్టే మిగులుతుంది. "కానీ నువ్వు కూడా..." అని మొదలయ్యే రెండో వాక్యం వద్దు. ప్రొడక్షన్ సమస్యలకి వాట్సాప్ పూర్తిగా మానేసి టికెట్, ఆన్‌కాల్ ఫోనుకి మార్చండి, రాత్రి రాయాల్సిన అవసరమే సగం తగ్గుతుంది. పాత మెసేజ్ మాత్రం డిలీట్ చేయనివ్వకండి. స్క్రీన్‌షాట్లు అప్పటికే వెళ్లిపోయి ఉంటాయి, డిలీట్ చేస్తే దాని మీద ఇంకో చర్చ మొదలవుతుంది. దాని కిందే జవాబు రాయించండి.